కౌలు రైతు పాత్ర: మూడో సీనుకే అయిపోతున్నాను, చివరిదాకా ఎలా మోయాలి?

కందుకూరు కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. మా నాన్న టైలరు, నేను సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాను. ఆరేళ్లుగా నాటికలు ఆడుతున్నా ఇప్పటిదాకా కొడుకు, బావమరిది, కానిస్టేబుల్ లాంటి చిన్న పాత్రలే వచ్చాయి. ఇప్పుడు మొదటిసారి ప్రధాన పాత్ర ఇచ్చారు. వచ్చే నెలలో పరిషత్తు పోటీ. రాత్రి ఎనిమిదిన్నరకు షాపు కట్టేశాక రిహార్సల్, పదకొండు దాటేదాకా.

గంట నాటిక, ఐదు సీన్లు. నేను పొగాకు కౌలు రైతుని. పాత్రకు యాభై రెండేళ్లు, నాకు ఇరవై తొమ్మిది. మొదటి సీన్లో పొలం కౌలుకీ, ఆకు కాల్చే బ్యారన్ కొట్టం అద్దెకీ అప్పు తెస్తాడు. రెండో సీన్లో తుపాను వానకి నాటిన మొక్క పోయి మళ్లీ నాటతాడు, దానికి ఇంకో అప్పు. మూడో దాంట్లో కూతురి కాలేజీ ఫీజు కోసం భార్య చెవి కమ్మలు తీసి ఇస్తుంది. నాలుగులో వేలం కేంద్రంలో పొగాకు మూటలు, అంటే బేళ్లు, ఎవరూ పాడక నోబిడ్ అయి తిరిగొస్తాయి. ఐదులో అప్పిచ్చినాయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటాడు. చావులు లేవు, కొట్టుకోవడాలు లేవు. చివర్లో వచ్చే ఏడాది కూడా ఆ పొలం తానే చేస్తానని ఒప్పుకుంటాడు. మొదటిసారి స్క్రిప్టు చదివినప్పుడు ఆ మాట దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. నేను ఆడేటప్పుడు మాత్రం ఆ మాటలో ఏమీ ఉండటం లేదు.

మా దర్శకుడు రోజూ అంటున్నది ఒకటే: "మూడో సీనుకే నువ్వు అయిపోతున్నావు. నాలుగు, ఐదులో ఇవ్వడానికి నీ దగ్గర ఏం మిగిలింది?" నిజమే. కమ్మల దగ్గర ఏడ్చేస్తున్నాను. అక్కడ ఏడుపు నిజంగానే వస్తోంది, ఆపుకోలేకపోతున్నాను. తరువాత నోబిడ్ దగ్గర మళ్లీ అదే ఏడుపు, ఐదులో మళ్లీ అదే.

సరే, మొదటి రెండు సీన్లు తగ్గించి చేశాను. రైతులా లేవు, జ్వరమొచ్చినవాడిలా ఉన్నావు అన్నారు. ఇంకో రోజు సీను సీనుకీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. భార్య పాత్ర వేసే ఆవిడ ఫ్యాను రెగ్యులేటర్ తిప్పినట్టుంది అంది. అదీ నిజమే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రిహార్సల్ నుంచి ఇంటికి వెళ్లాక నిద్ర పట్టడం లేదు. మొన్న అన్నం దగ్గర మా అమ్మ మీద ఊరికే కేకలేశాను. ఆమె ఏమీ అనకుండా పళ్లెం తీసింది. అది మనసులో నుంచి పోవడం లేదు.

ఒత్తిడి పెరుగుతూ పోయే పాత్రలు వేసినవాళ్లు ఉంటే, మీరు ఎలా చేశారో చెప్పండి. టెన్షన్‌ని చివరిదాకా ఎక్కడ దాచుకోవాలి?


వారణాసి హరిశ్చంద్రుడు, పొదిలి

నాయనా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను 1981 నుంచి 2008 దాకా పద్యనాటకం ఆడాను. అందులో ఎక్కువ భాగం రెండో హరిశ్చంద్రుణ్ణి. మీ తరానికి అంతగా తెలియదు కాబట్టి చెప్తాను. తిరునాళ్లలో తెల్లవార్లూ ఆడే నాటకంలో హరిశ్చంద్రుడు ఒక్కడు కాదు. సభలో రాజ్యం ధారపోసేవాడు ఒకడు, వారణాసిలో భార్యను అమ్మేవాడు ఒకడు, కాటిసీను వేసేవాడు ఒకడు. అన్ని పద్యాలు ఒక్క గొంతు మోయలేదని అలా పంచుకుంటారు. పేరంతా కాటిసీనాయనదే. రాత్రి రెండింటికి ఆయన జాషువా గారి పద్యం ఎత్తుకుంటే గోనెపట్టాల మీద నిద్రపోతున్న పిల్లల్ని తల్లులు తట్టి లేపేవాళ్లు. వన్స్ మోర్‌లూ, మైకులో చదివింపులూ ఆయనకే.

నేను మధ్యలో మనిషిని. ఆ మధ్య ముక్కలోనే నీ ప్రశ్న ఉంది. మొదటి హరిశ్చంద్రుడికి రాజ్యం ఒక్క దెబ్బకి పోతుంది. మూడో ఆయన వచ్చేసరికి అన్నీ పోయి ఉంటాయి. కొంచెం కొంచెంగా బిగుసుకుపోయేది రెండో ఆయనకే. గడువు దగ్గరపడుతుంటుంది, బాకీ తీరలేదు, వెంట విశ్వామిత్రుడు వసూలుకి పంపిన నక్షత్రకుడు.

మొదటి మూడు, నాలుగేళ్లు నేనూ నీలాగే చేశాను. కాశీ వీధిలోకి అడుగు పెట్టడమే ఏడుపు మొహంతో. మా జట్టు హార్మోనిస్టు పెద్దాయన. ఒకసారి నాటకం అయ్యాక తెల్లవారుజామున దర్శి బస్టాండులో టీ తాగుతూ నాతో అన్నాడు: "నువ్వు స్టేజీ మీదికి వచ్చేటప్పటికే భార్యను అమ్మేసినట్టు వస్తావేంరా? ఇంకా అమ్మలేదు కదా."

ఇంకా అమ్మలేదు. ఆ మాట నాకు ఇరవై ఏళ్లు పనికొచ్చింది.

అప్పటి నుంచి నాటకం ముందు మేకప్ వేయించుకుంటూ లెక్క పెట్టుకునేవాణ్ణి, కాశీకి వచ్చిన హరిశ్చంద్రుడి దగ్గర ఇంకా ఏమేం ఉన్నాయని. గడువు ఇంకా దాటలేదు. కాశీ పెద్ద పట్నం, రాజ్యమేలినవాడికి ఏదో ఒక పని దొరక్కపోదు. భార్య పక్కనే ఉంది, నడవగలుగుతోంది. పిల్లాడు ఆకలి అంటున్నాడు కానీ ఇంకా ఆడుకుంటున్నాడు. ఇన్ని ఉన్న మనిషి ఏడవడు. హడావిడిగా ఉంటాడు. వచ్చేపోయేవాళ్ల మొహాలు చూస్తాడు. కొడుకుతో రేపటి సంగతి మాట్లాడతాడు. ఆ ఉన్నవాటిని నేను గట్టిగా పట్టుకుని ఆడాను. అవి ఒక్కొక్కటీ నా చేతిలోంచి జారిపోతుంటే చూసేవాళ్లకి గుండె పట్టేసేది. నేను ప్రత్యేకంగా ఏదీ పెంచలేదు.

నీ కౌలు రైతు సంగతి చూడు. మొదటి సీన్లో అప్పు దొరికింది. సాగుకు అప్పు తేవడం పొగాకు రైతుకి ఏడుపు కాదు, ఏటా చేసే పనే. నన్ను నమ్మి ఇచ్చాడన్న గౌరవం కూడా ఉంటుంది. వడ్డీ దగ్గర బేరమాడతాడు, అర్ధ రూపాయి తగ్గిస్తే లోపల సంతోషిస్తాడు. రెండో సీన్లో మొక్క పోయింది, ఎక్కడ నారు దొరుకుతుందో అని పరుగులు. పరిగెత్తేవాడికి బాధపడే తీరిక ఎక్కడిది? నీకు జ్వరమొచ్చినట్టు కనిపించింది అందుకే. బాధను తగ్గించావు గానీ దాని చోట్లో ఆశను పెట్టలేదు.

ఇక నక్షత్రకుడి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, నీ ఐదో సీనుకి కావాలి. మా జట్టులో ఆ పాత్ర వేసే ఆయన, నేను పద్యం ఎత్తుకోగానే స్టేజీ అంచున కూర్చునేవాడు. చెప్పు విడిచి, పాదం ఒళ్లో పెట్టుకుని, గోటితో ముల్లు వెతుక్కునేవాడు. నా వైపు చూడడు. నిదానంగా గుచ్చి గుచ్చి చూసి, లేదనుకుని, మళ్లీ వేరే చోట నొక్కి చూసేవాడు. జనం నవ్వేవాళ్లు. నా పద్యం పాడుచేస్తున్నాడని కాంట్రాక్టరుకి ఫిర్యాదు చేశాను. ఆయన మారలేదు. మూడు, నాలుగు నాటకాలయ్యాక నాకే తెలిసొచ్చింది: ఆయన ముల్లు వెతుక్కుంటుంటే నా గొంతులో నేను పెట్టకుండానే తొందర వస్తోంది. మొదట నవ్విన జనం నాలుగు పద్యాలు దాటాక ఆ ముల్లు వంక చూసి నవ్వడం మానేశారు. అప్పు తీర్చాల్సినవాడికి గంట కూడా లేదు, వసూలు చేసేవాడికి ముల్లు తీసుకునేంత తీరిక ఉంది. నా మీద బరువు పెట్టింది అదే.

నీ ఐదో సీన్లో అప్పిచ్చినాయన వేసే నటుణ్ణి అరవనీయొద్దు. మంచినీళ్లు అడగమను. మజ్జిగ ఇస్తే బాగుందనమను. మంచం నులక వదులైందని, కాస్త బిగించుకోమని చెప్పమను. ఆయన ఎంత స్థిమితంగా ఉంటే నీ మీద అంత బరువు పడుతుంది. నువ్వు నిలబడి ఉంటే చాలు.

గొంతు గురించి. మేమంతా హరిశ్చంద్రుడి పాత్రకు పేరుమోసిన డి.వి. సుబ్బారావు గారి క్యాసెట్లు విని పెరిగినవాళ్లం. ఆయన తారస్థాయి అందుకునే చోట్లే విన్నాం, అవే దించుకున్నాం. అక్కడిదాకా ఆయన ఎంత కిందినుంచి నడిచి వచ్చారో వినలేదు. నేను తరువాత నేర్చుకున్నది, నా ముక్క మొత్తంలో పైషడ్జం, అంటే పై స, దాటేది ఒక్కసారే అని ఒట్టు పెట్టుకోవడం. నీది వచన నాటిక, నీకూ అంతే. గొంతు పగిలే చోటు ఒక్కటి పెట్టుకో. అది పెద్ద డైలాగ్ దగ్గర పెట్టొద్దు. నేనైతే నాలుగో సీన్లో, తిరిగొచ్చిన బేళ్లని ఇంటికి చేర్చడానికి ట్రాక్టరు బాడుగ ఎంత అని అడిగే చోట పెడతాను. తెచ్చేటప్పుడు ఒకసారి ఇచ్చాడు, ఇప్పుడు తీసుకుపోవడానికి మళ్లీ ఇవ్వాలి. ఆ "ఎంత" అనే మాట దగ్గర.

భరతముని సాత్త్విక భావాలు, అంటే మనసు కదిలితే ఒంటి మీద కనపడేవి, ఎనిమిది చెప్పాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. వరసలో ఆడమని ఆయన అనలేదు, నేనే నిచ్చెనలా వాడుకున్నాను. కన్నీరు ఏడో మెట్టు చూడు. మొదటిది ఒళ్లు ఆగిపోవడం. పని చేస్తున్న చెయ్యి సగంలో ఒక క్షణం ఆగి, మళ్లీ పనిలో పడుతుంది. రెండో సీన్లో అది ఒక్కసారి చెయ్యి, ఎవరికీ తెలియనంత చిన్నగా. మూడో సీన్లో ఇంకోసారి. అప్పుడు నాలుగులో నీ చెయ్యి ఆగితే జనం ఊపిరి కూడా ఆగుతుంది.

కమ్మల దగ్గర నీకు నిజంగా ఏడుపొస్తోందన్నావు. అది మంచి గుణమే, పోగొట్టుకోకు. కానీ ఆ రైతు భార్య ఎదుట ఏడవడు. నీకు వచ్చే ఏడుపుని ఆయన ఆపుకుంటాడు. ఆ ఆపుకోవడమే నీ నటన.


కొండపి బ్యారన్

నేను నటుణ్ణి కాను. నాటకాలు చూస్తాను. మాది నాన్న కాలం నుంచి పొగాకే, అందుకని రాస్తున్నా. పొగాకు బోర్డు 1976లో వచ్చింది, మన దగ్గర వేలం మొదలైంది ఎనభైల్లో. అంతకు ముందు నాన్న వ్యాపారి గోడౌను దగ్గర రోజుల తరబడి కాచుకున్నవాడు. ఆయన చెప్పిన కష్టాలు వేరు, మేము చూసినవి వేరు.

తమ్ముడూ, నువ్వు సీను సీనుకీ వేడి పెంచితే రెగ్యులేటర్‌లా ఉందన్నారు కదా. బ్యారన్ ఎలా కాలుస్తామో చెప్తాను, నీకేమన్నా పనికొస్తుందేమో చూడు. పచ్చాకు కర్రలకు అల్లి బ్యారన్ నింపాక సుమారు ఐదు రోజులు కాల్చాలి. మొదటి రోజున్నర, రెండు రోజులు వేడి తొంభై, నూరు డిగ్రీల ఫారన్‌హీట్ మధ్యే. బయటినుంచి చూసేవాడికి లోపల ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆకు ఇంకా బతికే ఉంటుంది, నిదానంగా పసుపు తిరుగుతుంటుంది. అప్పుడు తొందరపడి కట్టెలు ఎగదోస్తే పచ్చ అలాగే ఉండిపోతుంది, ఇంక ఏం చేసినా రంగు రాదు. నువ్వు మూడో సీన్లో చేస్తున్నది ఇదేనేమో అనిపించింది. రంగు తిరిగాక మాత్రం ఆలస్యం చేయకూడదు, గంటకి రెండు మూడు డిగ్రీలు ఎక్కిస్తూ పోవాలి, లేకపోతే ఆకు నల్లబడుతుంది. ఆఖరున నూట అరవై. అప్పటికి ఆకు ఎండిపోయి ఉంటుంది, ఇంకా తడి ఉండేది ఈనెలోనే. ఆ ఆఖరి వేడంతా ఈనె కోసమే. ఈనె విరిస్తే ఫట్‌మని విరగాలి. విరగకుండా వంగిందంటే నాలుగు రోజులకు ఆ తడి ఆకులోకి దిగి మొత్తం బూజు పడుతుంది. రాత్రిళ్లు టార్చిలైటు వేసి అద్దంలోనుంచి థర్మామీటరు చూసుకుంటూ పొయ్యి దగ్గరే పడుకుంటాం.

ఇక నోబిడ్. సినిమాల్లో, నాటకాల్లో రైతు అక్కడ కూలబడిపోతాడు. మా నాన్న కూలబడలేదు. ఒక ఏడాది మాకు ఒకే రోజు ఆరు బేళ్లు వెనక్కొచ్చాయి. నేను ఇంటర్ చదువుతున్నాను, ఆయనతో వెళ్లాను. బేళ్ల వరస వెంట కొనేవాళ్లు నడుచుకుంటూ వస్తారు. ఒక్కో బేలు దగ్గర కొన్ని సెకన్లు, అంతే. ఇప్పుడు చేతిలో మిషన్ల మీద నొక్కుతున్నారు, అప్పుడు నోటితో పాట. ఎనిమిది నెలల పని ఆ కొన్ని సెకన్లలో తేలిపోతుంది. మా బేళ్ల దగ్గర వాళ్లు ఆగలేదు కూడా. నాన్న వాళ్లకి దారి ఇవ్వడానికి పక్కకి జరిగాడు. ఒకాయన కాలికి పురికొస తగులుకుంటే వంగి తీశాడు.

ఇంటికొచ్చాక ఆ బేళ్లు విప్పి మళ్లీ గ్రేడు చేయాలి. కత్తి ఇస్తే వద్దన్నాడు. దబ్బనం తీసుకుని గోనెపట్టా కుట్లు ఒక్కొక్కటీ కొయ్యకుండా విప్పాడు. విప్పిన పురికొసని ఎడమ చేతి వేళ్లకి చుట్టుకుంటూ పోయాడు. ఆరు బేళ్లూ అలాగే. మళ్లీ కుట్టడానికి కొత్త పురికొస కొననక్కర్లేదని. దాని ఖరీదు ఆ రోజుల్లో ఎంత ఉంటుంది? అమ్మ అన్నం తినమని పిలిస్తే "ఈ ఒక్కటి" అనేవాడు. రాత్రి పదకొండింటి దాకా ఆ ఒక్కటి అవుతూనే ఉంది. ఆ రోజు ఇంట్లో ఎవరినీ ఒక్క మాట అనలేదు. అప్పిచ్చినాయన వారం తరువాత వస్తే ఎదురెళ్లి గేటు తీశాడు, వాళ్ల పిల్లల చదువుల గురించి అడిగాడు. ఆయన అంత మర్యాదగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. నాకు భయమేసింది అప్పుడే.


కావలి చంద్రమతి

గురువుగారికి నమస్కారం. మీ నాటకం నేను ఒకసారి కలిగిరి దగ్గర చూశాను, అప్పటికి నేనింకా రంగం మీదికి రాలేదు.

ఒక్క విషయంలో మీతో నాకు కుదరదు గురువుగారూ. ఏడుపు ఆపుకోవడమే నటన అన్నారు. మీ పాత్రకు అది సరిపోతుంది. చంద్రమతికి సరిపోదు. పాము కరిచి చచ్చిపోయిన కొడుకుని ఒళ్లో పెట్టుకున్న తల్లి ఏం ఆపుకుంటుంది? ఆ సీన్లో నేను పూర్తిగా ఏడ్చాను, పదిహేడేళ్లు ఏడ్చాను. ముందు వరసలో ఆడవాళ్లు నాతో పాటు ఏడవకపోతే ఆ రాత్రి ఆడనట్టే లెక్క. కాబట్టి తమ్ముడూ, కన్నీళ్లు తప్పని అనుకోకు. అవి దేనిలోనుంచి వస్తున్నాయో చూసుకో.

నాకు దేనిలోనుంచి వచ్చేవో చెప్తాను. కొడుకు లోహితుడి పాత్ర వేసే పిల్లాడికి ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు ఉంటాయి. కాటిసీను రాత్రి రెండింటికి. నా ఒళ్లోకి వచ్చేసరికి ఆ పిల్లాడు నిజంగానే నిద్రపోయేవాడు. శవం అని నేను పద్యం పాడుతుంటే నా చేతి మీద వాడి ఊపిరి వెచ్చగా తగిలేది. శివరాత్రి చలి, ఒంటి మీద చొక్కా ఉండదు. పాడుతూనే కొంగు లాగి వాడికి కప్పేదాన్ని, లేవకుండా. నాకు ఏడుపు ఆ కొంగు సర్దే చేతిలోనుంచి వచ్చేది. చచ్చిన పిల్లాడికి చలి వేస్తుందని కప్పుతోంది చూడు అని జనం ఏడ్చేవాళ్లు. పద్యం మీద దృష్టి పెట్టి ఏడ్చిన రోజుల్లో ఒక్కరూ ఏడవలేదు. పైన అన్న చెప్పిన పురికొస కూడా ఇలాంటిదే.

మీ మూడో సీను భార్య పాత్ర వైపు నుంచి చెప్తాను. కమ్మలు తీసి ఇస్తుంది అని స్క్రిప్టులో ఒక్క ముక్క రాసి ఉంటుంది. పెళ్లప్పుడు పెట్టుకుని ఇరవై ఏళ్లు తీయని కమ్మ అలా చటుక్కున రాదు. వెనక మర బిగుసుకుపోయి ఉంటుంది. సబ్బునీళ్లో, కొబ్బరినూనో పెట్టి తిప్పాలి. ఒక చెవిది వస్తుంది, రెండోది రాదు. అద్దంలో కనపడదు, చేతికి అందదు. ఆ రెండో కమ్మ మర నువ్వే తిప్పి తీయాలి తమ్ముడూ. నొప్పి పెట్టకుండా. ఆవిడ తల పక్కకి వంచి కూర్చుంటుంది, నీ మొహం ఆవిడకి కనపడదు, జనానికి కనపడుతుంది. అప్పుడు నువ్వు ఏడవగలవేమో చూడు. ఆ మర తిప్పే పనిలో ఉన్నవాడికి ఏడవడానికి వీలుండదు.

ఇంక మీ అమ్మ సంగతి. నేనూ చేశాను ఆ తప్పు, మా పాప చిన్నప్పుడు. తెల్లవారి మొదటి బస్సుకి ఇంటికొచ్చి, అది పాలు ఒలకబోసిందని వీపు మీద కొట్టాను. తరువాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. నాటకం అయ్యాక ముందు లోహితుణ్ణి వాళ్లమ్మ చేతికి అప్పగించేదాన్ని. నిద్ర లేపి, నా చేత్తో నీళ్లు తాగించి. ఆ తరువాతే రంగు కడుక్కునేదాన్ని. నువ్వు ఆ రైతు తువ్వాలు ఇంటికి తీసుకెళ్తున్నావేమో. రిహార్సల్ అయ్యాక మడతపెట్టి అక్కడే ఉంచు. మీ అమ్మకి జరిగింది చెప్పు, ఏ సీను చేస్తున్నావో చెప్పు. వీలైతే ఆవిడ చెవి కమ్మ మర ఎలా తిరుగుతుందో ఆవిడనే అడుగు.


కందుకూరు కుర్రాడు

అందరికీ పేరుపేరునా నమస్కారం. పది రోజులు రాయలేదు, రిహార్సల్స్ ఎక్కువయ్యాయి.

అక్కా, అమ్మని అడిగాను. ముందు ఎందుకురా అంది. చెప్పాను. వంటింటి గుమ్మంలో కూర్చుని తల వంచింది. నిజంగానే మర రాలేదు, కొబ్బరినూనె పెట్టాల్సొచ్చింది. ఆ రోజు కేకలేసినందుకు తప్పయిందమ్మా అన్నాను. "ముందు మర మళ్లీ బిగించు, పడిపోతుంది" అంది.

స్టేజీ మీద మూడో సీను అలాగే చేశాం. ఏడుపు రాలేదు. రెండో కమ్మ చేతిలోకి వచ్చాక నా వేళ్లకి నూనె, తుడుచుకోవడానికి ఏం కనపడక ఒక్క క్షణం చెయ్యి అలాగే ఉండిపోయింది. దర్శకుడు ఏమీ అనలేదు. నాలుగో సీను మొదలుపెట్టండి అన్నాడు. ఎప్పుడూ అక్కడ ఆపి తిట్టే మనిషి.

గురువుగారూ, మొదటి సీను మీరు చెప్పినట్టు వడ్డీ బేరంతో చేస్తున్నాను. అప్పిచ్చినాయన పాత్ర వేసే అన్నకి మీ నక్షత్రకుడి సంగతి చదివి వినిపించాను. ఆయన ఐదో సీన్లో మజ్జిగ తాగి, గ్లాసు పెట్టడానికి చోటు కోసం చుట్టూ చూసి, చివరికి నా చేతికే ఇస్తున్నాడు. ఇక ఆ గ్లాసు పట్టుకునే మిగతా సీనంతా నిలబడుతున్నాను. ట్రాక్టరు బాడుగ దగ్గర గొంతు పగలడం ఇంకా కుదరలేదు. రోజుకో చోట పగులుతోంది.

గురువారం షాపులో సెలవు అడిగి వేలం కేంద్రానికి వెళ్లాను, తెలిసిన రైతు ఒకాయన వెంట. ఒక పెద్దాయన బేలు మీది ఆకుని అరచేత్తో సర్ది నిలబడ్డాడు. కొనేవాళ్లు దాటిపోయారు. ఆయన మళ్లీ అరచేత్తో సర్దాడు. వాళ్లు వెళ్లిపోయాక దేనికి సర్దినట్టు? ఇంటికొచ్చేదాకా అదే ఆలోచించాను. దాన్ని నాలుగో సీన్లో పెట్టాను.

కొండపి అన్నా, మీ నాన్నగారి పురికొస నాటికలోకి తీసుకోవచ్చా అని మిమ్మల్ని అడగాలి. అడక్కుండానే రిహార్సల్‌లో చేసేశాను, క్షమించండి. చివరి మాట, వచ్చే ఏడు కూడా పొలం నేనే చేస్తానన్నది, కుట్లు విప్పుతూ అంటున్నాను. తల ఎత్తకుండా. ఆ మాట ఇప్పుడు బరువుగా వస్తోందని రచయిత గారు కూడా అన్నారు. కుట్టు కొయ్యకుండా విప్పడం నాకు చేతకాకపోతే మా నాన్న నేర్పించాడు. ఏ కొస లాగితే వరస మొత్తం వదులవుతుందో చూపించాడు. ఆరేళ్లలో నా నాటిక దేని గురించో ఆయన అడగడం ఇదే మొదటిసారి.

నాన్న షాపులో ఉన్న సూదులు చిన్నవి, దూరం నుంచి కనపడటం లేదు. మీ దగ్గర పాత దబ్బనం ఉంటే ఆదివారం కొండపి వచ్చి తీసుకుంటాను. పోటీ అయ్యాక తెచ్చిస్తాను.


కొండపి బ్యారన్

తీసుకో తమ్ముడూ, నాన్న ఉంటే ఆయనా వద్దనేవాడు కాదు. దబ్బనాలు రెండున్నాయి, పెద్దది ఇస్తాను, పిడి దగ్గర గుడ్డ చుట్టి ఉంటుంది, అది విప్పకు. పురికొస కూడా ఇస్తా. కొత్తది వద్దు, వాడిందే తీసుకుపో. పొద్దున పదిలోపు రా, తరువాత బ్యారన్ దగ్గర ఉంటాను.